నిద్ర రావట్లేదా? అయితే ముందు మంచం దిగండి



ఈ ఎపిసోడ్ నిద్ర పట్టనివాళ్ల కోసం. పరీక్ష ముందు రోజో, ఇంట్లో గొడవైన రోజో ఒక రాత్రి నిద్ర పట్టకపోతే దాని గురించి కాదు. అది అందరికీ ఉంటుంది, రెండ్రోజుల్లో పోతుంది. వారంలో కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇదే తంతు, పడుకోవడానికి టైమ్ ఉంది, చోటు ఉంది, అయినా నిద్ర రాదు, మర్నాడు బుర్ర పనిచేయదు అంటే దాన్ని డాక్టర్లు క్రానిక్ ఇన్సోమ్నియా అంటారు. దీర్ఘకాలిక నిద్రలేమి.

ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పదకొండింటికి లైట్ ఆపుతారు. పన్నెండున్నరకి ఫోన్‌లో టైమ్ చూస్తారు. "ఇప్పుడు పడుకుంటే ఆరు గంటలు" అని లెక్క. ఒకటిన్నరకి మళ్లీ లెక్క, ఐదు గంటలు. మూడింటికి లెక్క కూడా వదిలేసి భయం మొదలవుతుంది. రేపు ఇంటర్వ్యూ ఎలా ఇస్తాను? ఇలాగే ఉంటే నాకేమవుతుంది?

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. నిద్ర కోసం మనం ఎంత కష్టపడితే అది అంత దూరం పోతుంది. కాబట్టి చేయాల్సింది నిద్ర కోసం కష్టపడటం కాదు, నిద్రకి ఆకలి పుట్టించడం.

మనవాళ్లు ఒక మాట అంటారు కదా, ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని. రెండింటినీ పక్కపక్కన పెట్టడంలో చాలా సైన్స్ ఉంది. నిద్ర నిజంగానే ఆకలి లాంటిది. పొద్దున లేచినప్పటి నుంచి మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. ఎంతసేపు మెలకువగా ఉంటే అంత పెరుగుతుంది, అంత నిద్ర ఒత్తిడి. నిద్రపోతే తగ్గుతుంది. ఇది మొదటి ఇంజిన్.

రెండోది మన లోపలి గడియారం. ఏ టైమ్‌కి మెలకువ, ఏ టైమ్‌కి మగత అని అది చెబుతుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఈ రెండూ కలిసి పనిచేస్తాయని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త చెప్పారు. ఆకలి సరిగ్గా పుట్టాలి, గడియారం సరిగ్గా మోగాలి. రెండూ కలిసిన చోట నిద్ర దానంతట అదే వస్తుంది.

మరి మనం ఏం చేస్తాం? రాత్రి నిద్ర పట్టలేదు కాబట్టి పొద్దున తొమ్మిదిదాకా లేవం. అంటే గడియారం జరిగిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాం. భోజనానికి ముందు గిన్నెడు పకోడీలు తిన్నట్టు, ఆకలి చచ్చిపోయింది. సాయంత్రం ఆరింటికి నీరసం పోవడానికి స్ట్రాంగ్ కాఫీ. కెఫీన్ అడెనోసిన్ కూర్చోవాల్సిన సీట్లో తను కూర్చుంటుంది. తాగినదాంట్లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటి కాఫీలో సగం పదకొండింటికి ఇంకా లోపలే ఉందన్నమాట. ఇక రాత్రి, "నిన్న పట్టలేదు కదా, ఇవాళ తొందరగా పడుకుందాం" అని తొమ్మిదిన్నరకే మంచమెక్కుతాం. ఆకలి లేదు, గడియారం మోగలేదు. ఇక నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా సైకాలజిస్ట్ దీన్ని చక్కగా విడదీశారు. కొందరికి పుట్టుకతోనే నిద్ర కాస్త పల్చన. దానికి ఏదో దెబ్బ తోడవుతుంది. ఉద్యోగం పోవడం, బ్రేకప్, ఇంట్లో ఎవరో పోవడం. అక్కడ నిద్ర చెడుతుంది. కానీ ఆ దెబ్బ మానిపోయాక కూడా నిద్రలేమి ఎందుకు మిగులుతుంది? దాన్ని తట్టుకోవడానికి మనం చేసుకున్న సర్దుబాట్ల వల్ల. ఎక్కువసేపు మంచంలో ఉండటం, పగటి కునుకు, టైమ్ చూసుకోవడం. నిప్పు ఎప్పుడో ఆరిపోయింది, మనమే కట్టెలు వేస్తున్నాం. ఇది బాధపడాల్సిన విషయం కాదు, మంచి వార్త. ఎందుకంటే వచ్చిన దెబ్బని మార్చలేం కానీ కట్టెలు వేయడం ఆపగలం.

ఇంకో చిక్కు ఉంది. హాల్లో సోఫాలో టీవీ ముందు కళ్లు మూసుకుపోతుంటాయి. లేచి గదిలోకి వెళ్లి దిండు మీద తల పెట్టగానే టక్కున మెలకువ. బంధువుల ఇంట్లో చాప మీద మాత్రం హాయిగా పట్టేస్తుంది. మీకిలా జరుగుతుంటే, మీ మెదడు మంచానికి "ఇది కంగారు పడే చోటు" అని పేరు పెట్టేసిందని అర్థం. నెలల తరబడి అక్కడే పొర్లుతూ, అక్కడే లెక్కలు వేస్తూ మనమే నేర్పించాం. నేర్పించినదాన్ని మాన్పించొచ్చు.

ఎలా మాన్పించాలో రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్ట్ 1972లోనే చెప్పారు. ఆయన పద్ధతి, స్పీల్‌మన్ పద్ధతి, ఆలోచనల మీద పనిచేసే ఇంకొన్ని పద్ధతులు కలిపి ఇప్పుడు సీబీటీ-ఐ అంటున్నారు. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇదే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫార్సు చేసింది. అందులోని ముఖ్యమైన పనులు చెబుతాను.

మొదటిది. లేచే టైమ్ ఒక్కటే ఉండాలి. ఆరున్నర అంటే ఆరున్నర. రాత్రి మూడింటికి పట్టినా ఆరున్నరే, ఆదివారమైనా ఆరున్నరే. పడుకునే టైమ్ మన చేతుల్లో లేదు, లేచే టైమ్ ఉంది. లేవగానే డాబా మీదకో, బాల్కనీలోకో వెళ్లి కాసేపు వెలుతురులో ఉండండి. మీ లోపలి గడియారానికి కీ ఇచ్చేది ఆ వెలుతురే. ఆదివారం పదకొండుదాకా పడుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే, ఆ రోజు ఆకలి పుట్టడానికి టైమే దొరకలేదు మరి.

రెండోది. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కండి. అలసట వేరు, నిద్ర వేరు. ఒళ్లు నొప్పులు, చిరాకు అలసట. రెప్పలు బరువెక్కడం, తల వాలిపోవడం నిద్ర.

మూడోది, అన్నింటికన్నా కష్టమైనది. పడుకున్నాక ఒక ఇరవై నిమిషాలు అయింది అనిపించి, నిద్ర రాకపోతే లేచి బయటికి వచ్చేయండి. టైమ్ చూడొద్దు, ఉజ్జాయింపుగా చాలు. చిన్న లైట్‌లో బోరు కొట్టే పని ఏదైనా చేయండి. బట్టలు మడతపెట్టండి, పాత పుస్తకం తిరగేయండి. నిద్ర వచ్చాకే మళ్లీ వెళ్లండి. మళ్లీ రాలేదా, మళ్లీ లేవండి. మొదటి రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి రావొచ్చు. ఫర్వాలేదు, మంచానికి కొత్త పేరు పెడుతున్నాం, టైమ్ పడుతుంది.

"మాది హాస్టల్ గది, మంచం తప్ప చోటే లేదు" అంటారా? అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లకైనా, అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చినవాళ్లకైనా చదువు, తిండి, రీల్స్ అన్నీ ఆ మంచం మీదే. ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. పగలు మంచం మీద వేరే దుప్పటి పరిచి, దిండు తీసేసి, కాళ్లు పెట్టే వైపు కూర్చుని చదవండి. రాత్రి ఆ దుప్పటి తీసేసి, దిండు వేసి పడుకోండి. నిద్ర రానప్పుడు దిగి నేల మీద చాప వేసుకుని కూర్చోండి. రూమ్మేట్ లైట్ ఆపకపోతే కళ్ల మీద తుండుగుడ్డ.

నాలుగోది మంచంలో గడిపే గంటలు తగ్గించడం. వినడానికి తిక్కగా ఉంటుంది. రెండు వారాలు పొద్దున్నే కాగితం మీద రాయండి. ఎన్నింటికి పడుకున్నాను, సుమారుగా ఎంత నిద్రపోయాను, ఎన్నింటికి లేచాను. ఉదాహరణకి రాత్రి పదకొండు నుంచి ఎనిమిదిదాకా తొమ్మిది గంటలు మంచంలో ఉన్నారు, నిద్ర మాత్రం సగటున ఐదున్నర గంటలే. అప్పుడు మంచానికి ఐదున్నర గంటలే ఇవ్వండి. ఆరున్నరకి లేవాలి కాబట్టి రాత్రి ఒంటిగంటకి ముందు మంచమెక్కొద్దు. కొన్ని రోజుల్లో ఆకలి బాగా పెరిగి, ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర ఒక్క ముక్కగా గట్టిపడుతుంది. వారం సగటు చూసినప్పుడు మంచంలో ఉన్న టైమ్‌లో 85 శాతం నిద్రే ఉంటే, ఇంకో 15 నిమిషాలు ముందు పడుకోండి. అలా వారం వారం పెంచుకుంటూ వెళ్లండి. మీ లెక్క నాలుగు గంటలు వచ్చినా ఐదు గంటలకన్నా తక్కువకి మాత్రం దిగొద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటి వారం, పది రోజులు పగలు మగతగా ఉంటుంది. ఆ రోజుల్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడపడం లాంటివి వద్దు. బైపోలార్ సమస్య, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, డ్రైవింగే ఉద్యోగమైనవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ నాలుగో పని చేయొద్దు.

ఇక ఫోన్. రాత్రి రెండింటికి ఈ వీడియో చూస్తున్నవాళ్లు ఉంటారని నాకు తెలుసు. తిట్టను. ఫోన్‌తో ఇబ్బంది వెలుతురు ఒక్కటే కాదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, రీల్స్‌కి ఉండదు. చార్జర్‌ని హాల్లో పెట్టండి, అలారానికి ఒక మామూలు గడియారం కొనుక్కోండి. స్మార్ట్‌వాచ్‌లో నిద్ర స్కోరు చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువయ్యారని 2017లో అమెరికా పరిశోధకులు దానికి ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టారు. మీరు ఆ బ్యాచ్ అయితే ఒక నెల వాచ్ తీసి పడుకోండి.

ఆలోచనలు ఆగవు అంటారా? సాయంత్రం ఏడింటికి ఒక పావుగంట పెట్టుకుని రేపటి పనులు, భయాలు అన్నీ కాగితం మీద పెట్టేయండి. రాత్రి అవే వస్తే "నీ టైమ్ సాయంత్రం ఏడు" అని చెప్పండి. విక్టర్ ఫ్రాంకల్ అనే మానసిక వైద్యుడు చెప్పిన ఇంకో ఉపాయం ఉంది. నిద్రపోవాలని కాకుండా, చీకట్లో కళ్లు తెరుచుకుని మెలకువగా ఉండటానికే ప్రయత్నించండి. పోటీ పడటం ఆపేశాం కాబట్టి చాలామందికి నిద్ర వచ్చేస్తుంది.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్‌ల వాళ్లకి ఒక మాట. మీది గడియారంతో యుద్ధం, సులువు కాదు. తెల్లారాక ఇంటికి వచ్చేటప్పుడు కూలింగ్ గ్లాసెస్ పెట్టుకోండి, గదికి మందపాటి కర్టెన్ వేయండి, కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే ముగించండి. ఇంట్లోవాళ్లకి మీ నిద్ర టైమ్ రాసి తలుపుకి అంటించండి. రాత్రి రెండింటికి మిమ్మల్ని ఎవరూ లేపి గ్యాస్ బండ వచ్చిందా అని అడగరు కదా, పగలూ అంతే.

చివరిగా మాత్రలు. మందుల షాపులో చీటీ లేకుండా ఆల్ప్రాజోలం అడగడం, అమ్మమ్మ డబ్బాలోంచి ఒకటి తీసుకోవడం, ఇవి దయచేసి వద్దు. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ మీదే అమ్మాలి, అమ్మినట్టు రిజిస్టర్‌లో రాయాలి. అంత కట్టుదిట్టం ఎందుకంటే, అలవాటైతే అది లేకుండా నిద్ర రాదు, డోసు పెరుగుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. ఆ కల్లు దొరకని రోజు ఆసుపత్రి పాలైనవాళ్ల వార్తలు మీరు చదివే ఉంటారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం ఈ వీడియో చూసి ఒక్కసారిగా ఆపేయొద్దు. ఫిట్స్ రావొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. బీరు కూడా నిద్రమందు కాదు. తొందరగా పడుకోబెడుతుంది, తెల్లవారుజామున లేపేస్తుంది.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. నిద్రలేమితో పాటు దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే ఈ చిట్కాలు పక్కన పెట్టి ఇవాళే ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

లక్ష్మణుడి నిద్రని ఊర్మిళ తీసుకుని పద్నాలుగేళ్లు పడుకుందని కథ. మన నిద్ర ఇంకొకరు పడుకోలేరు, ఇంకొకరు తెచ్చి ఇవ్వలేరు. కానీ దాన్ని రమ్మని పిలవక్కర్లేదు కూడా. రేపు పొద్దున ఒకే టైమ్‌కి లేవడంతో మొదలుపెట్టండి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఆరు వారాలు ఓపిక పట్టండి.

మీ ఇంట్లోనో, హాస్టల్‌లోనో రాత్రిళ్లు మేలుకుని ఉండేవాళ్లు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. వాళ్లకి ఇది పంపండి. రాత్రి కాదు, పొద్దున పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.