కొయ్యలో యంత్రము



గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున యంత్రమును గూర్చిన ప్రసంగమేల యని కొందరు సంశయింపవచ్చును. అందులోను ఆ యంత్రము పొగ విడుచునది కాదు, బండిని లాగునది కాదు. కొయ్యతో చేయు కారు ఇంజను నమూనా. అయినను పెడనలో ఈ ప్రసంగమునకు చోటున్నది. తెలుగున ‘అచ్చు’ అను మాట ఒక్కటియే. పుస్తకము అచ్చునుండి వచ్చినది. కలంకారీ వస్త్రముమీది పువ్వు అచ్చునుండి వచ్చినది. ఇనుప ఇంజనుకూడ అచ్చునుండియే వచ్చినది. మొదటి రెండును ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు. మూడవది చెప్పుకొనదగినది.

పెడనలో అచ్చులు చెక్కువారి పద్ధతి చూచినవారికి తెలియును. బాగుగా ఆరిన టేకు చెక్క ముఖమును నున్నగా చేయుదురు. కాగితముమీద గీసిన చిత్రమునకు సన్నని రంధ్రములు పొడిచి, దానిని చెక్కమీదికి దింపుదురు. పిమ్మట చిన్న చిన్న ఉలులతో గీత మాత్రము నిలుచునట్లు తక్కినదంతయు తొలగింతురు. ఒక పువ్వునకు ఒక అచ్చు చాలదు. రేఖకు ఒకటి, ఎరుపునకు ఒకటి, ఇతర వర్ణములకు వేరువేరుగా కావలెను. మొదటి అచ్చు పడినచోటనే రెండవదియు పడవలెను. వెండ్రుకవాసి తప్పినను రంగు రేఖను దాటి బయటపడును. కనుక అచ్చుపనివాడు చెక్కునది ఒక ముక్కను కాదు; ఒకదానితో నొకటి సరిగా కలియవలసిన కొన్ని ముక్కలను. యంత్రనిర్మాణమునకును మూలసూత్రమిదియే.

ఇక ఇనుప ఇంజను సంగతి. ఇంజను దిమ్మెను ఇనుప కడ్డీనుండి తొలిచి తీయరు. కరగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి తీయుదురు. ఆ ఇసుకలో ఖాళీ ఏర్పడుటకు ముందుగా ఒక నమూనా కావలెను. బహుకాలము ఆ నమూనా కొయ్యదియే. నేడు లోహముతోను, రెసినుతోను చేసిన నమూనాలు కూడ వాడుకలో నున్నవి. పోతపని కర్మాగారములలో కొయ్య నమూనాలు చేయు వడ్రంగము ప్రత్యేక వృత్తి. పోత ఇనుము చల్లారునపుడు సుమారు నూటికి ఒక వంతు కుదించుకొనును. కావున 300 మిల్లీమీటర్ల భాగము కావలెనన్నచో, నమూనాను 303 మిల్లీమీటర్లు చేయవలెను. ఈ పనివారు వాడు కొలబద్దయే ఆ మేరకు పొడిగించి గీయబడినది. ఇసుక చెదరకుండ నమూనా పైకి వచ్చుటకై దాని గోడలను కొద్దిగా వాలుగా చేయుదురు. సిలిండరులోని బోలునకును, నీటి దారులకును వేరుగా ఇసుక ముద్దలను కొయ్యపెట్టెలలో చేసి లోపల నిలుపుదురు. పెడన అచ్చు వస్త్రముపై ముద్ర వేయును; ఆ అచ్చు ఇసుకలో ముద్ర వేయును. చేతిపని ఒక్కజాతిదియే.

కొయ్యలో ఇంజను చేయదలచినవానికి మొదట కావలసినది ఎరిగిన యంత్రము. తెలుగునాట అంబాసిడరు కారు నెరుగనివారరుదు. 1958లో వెలువడి 2014 వరకు తయారైన ఆ కారులో చిరకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఇందుకు తగినది. దానికి నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు. పిస్టను క్రిందికి పైకి నడుచు దూరము 88.9 మిల్లీమీటర్లు. దీనిని సగము కొలతకు దించినచో వ్యాసము 36.5, నడక 44.45 మిల్లీమీటర్లగును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సగమైనందున ఘనపరిమాణము సగము కాదు, ఎనిమిదవ వంతు. అనగా సుమారు 186 ఘన సెంటీమీటర్లు. బడిలో నేర్చిన ఘనపరిమాణపు లెక్క విద్యార్థి చేతికి తగులునది ఇక్కడనే.

కొయ్యలన్నియు ఒక్క పనికి రావు. కొండపల్లి బొమ్మలకు తేలికయగు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస తగునని మన పనివారు ఏనాడో నిర్ణయించినారు. ఇంజనులోను అట్లే. కదలని పై దిమ్మెకు తేలిక కొయ్య చాలును. రాపిడి తగులు పిస్టనుకు, ఇరుసులకు, కనెక్టింగు రాడ్డులకు టేకువంటి గట్టి కొయ్య కావలెను. రాడ్డులో నార నిలువుగా నడువవలెను. అడ్డముగా నున్నచో మొదటి త్రిప్పులోనే విరుగును.

అన్నింటికంటె కష్టమైనది క్రాంకు షాఫ్టు. ఇనుములో అది ఒక్కటే ముక్క. కొయ్యలో ఒక్క ముక్కగా చెక్కినచో వంపులవద్ద నార అడ్డుపడి తునుగును. కావున పలకలను వేరుగా కోసి, తరిమెనపై చేసిన గుండ్రని ఇరుసులను వానిలో బిగించి, జిగురుతో కూర్చవలెను. ప్రధానపు ఇరుసు మధ్యనుండి పిస్టను ఇరుసు మధ్యకు దూరము పిస్టను నడకలో సగము, అనగా 22.2 మిల్లీమీటర్లుండవలెను. మొదటి, నాల్గవ పిస్టనుల ఇరుసులు ఒక ప్రక్కను, రెండవ, మూడవ పిస్టనులవి సరిగా ఎదురు ప్రక్కను ఉండవలెను. పలకలనన్నిటిని ఒకదానిపై నొకటి పేర్చి ఒక్కసారిగా బరమాతో తొలిచినచో రంధ్రముల దూరము తప్పదు.

వాల్వులను తెరచు క్యాము షాఫ్టు, క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్క చుట్టు తిరుగవలెను. అసలు ఇంజనులో దీనిని గొలుసు త్రిప్పును. నమూనాలో 20 పండ్ల చక్రమునకు 40 పండ్ల చక్రమును జోడింపవచ్చును. కాని రెండు చక్రములు తగిలినచో రెండవది ఎదురు దిశకు తిరుగును. నడుమ మూడవ చక్రము నొకటి ఉంచినచో దిశ సరిపడును. పండ్లు విరుగకుండ వీనిని ప్లైవుడ్డులో కోయుట మేలు. అందులో పొరలు ఒకదాని కొకటి అడ్డముగా నుండును.

ఈ ఇంజనులో పెట్రోలు అంటుకొను వరుస 1, 3, 4, 2. మొదటి సిలిండరు శక్తి నిచ్చుచుండగా మూడవది గాలి పెట్రోలు మిశ్రమమును అదుమును, నాల్గవది మిశ్రమమును పీల్చును, రెండవది పొగను వెడలించును. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించిన ఇంజనులోని నాలుగు దశలివియే. నిజమైన ఇంజనులో ఇనుము వీనిని కప్పివేయును. నమూనాలో దిమ్మెకు ఒక ప్రక్క గోడను తీసివేసినచో, పిడి త్రిప్పిన పిల్లవానికి నాలుగును ఒక్క చూపులో కనబడును. క్యాము ఒక పన్ను తప్పి అమరినచో అదియు కనబడును. వాల్వు వేళ తప్పి తెరచుకొనును. పుస్తకములో పుట త్రిప్పి దాటిపోదగిన తప్పు చేతిలోని పిడివద్ద దాటిపోదు.

ఈ ప్రాంతమున మరియొక శత్రువు తేమ. డెల్టాలో వానకాలమున కొయ్య ఉబ్బును, వేసవిలో కుదించుకొనును. ఆ మార్పు నార పొడవున మిక్కిలి స్వల్పము, అడ్డమున అధికము. వైశాఖములో బిగువుగా అమర్చిన పిస్టను శ్రావణములో సిలిండరులో పట్టుకొని కదలకుండును. కావున కొయ్యను నెలల తరబడి ఆరనిచ్చి, కొంత సందు విడిచి, అన్ని ముఖములకును లక్కయో వార్నీషో పట్టింపవలెను. ఉప్పుకాగితముతో ఒక్కసారి ఎక్కువగా రుద్దినచో పోయిన కొయ్య తిరిగి రాదు. ఓర్పును నేర్పుటలో ఇంతకు మించిన గురువు లేడు.

ఇంత శ్రమకు ఫలమేమని అడుగవచ్చును. స్క్రీను ప్రింటింగు వచ్చిన పిమ్మట కొయ్య అచ్చులకు గిరాకీ తగ్గినది. అచ్చు చెక్కు ఉలి పట్టు పిల్లలు తగ్గుచున్నారు. ఒక్కసారి చేయి మరచిన పనిని పుస్తకము తిరిగి నేర్పజాలదు. మరియొక ప్రక్క, ఇంజను పటమును పరీక్షకై వల్లించు విద్యార్థి దానిని ఎన్నడును తాకి యెరుగడు. ఉలి తెలిసినవానికి పటము అందలేదు. పటము తెలిసినవానికి ఉలి అందలేదు. ఈ రెంటిని కలుపవలెనను తలంపు ఈ సీమకు క్రొత్తది కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు చదువుతోపాటు చేతిపనికిని స్థానమిచ్చిరి.

విద్యుత్తుతో నడుచు కార్లు వచ్చుచున్నవి. వానిలో పిస్టను లేదు, క్యాము లేదు. కొంతకాలమునకు పెట్రోలు ఇంజనును చూడవలెనన్న వెదుకవలసివచ్చును. కాని చెక్కమీద కొలత దింపుట, ఒక ముక్కను మరియొక ముక్కతో కలుపుట, తప్పును తానే కనుగొని సరిదిద్దుకొనుట ఏ యంత్రము వచ్చినను కావలసిన విద్యలే.

కనుక గ్రంథాలయములో పుస్తకముల బీరువా ప్రక్కన ఒక బల్లయు, నాలుగు ఉలులును, ఒక కొలబద్దయు ఉండుట తగును. అచ్చుపని యెరిగిన పెద్దలు వారమునకొక సాయంకాలము అక్కడ కూర్చుండినచో పిల్లలు తామే చేరుదురు. వారు చేసిన కొయ్య ఇంజను ఆ బల్లమీద నిలిచినపుడు దానికి అద్దాల పెట్టె వలదు. పుస్తకము చదువుటకై యున్నట్లు, అది త్రిప్పుటకై యుండవలెను.