వార్ధకమున జలపానము



విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై మేము మంచినీళ్ళను గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని మన యిండ్లలో అరువదియేండ్లు దాటినవారనేకులు చాలినంత నీరు త్రాగుట లేదు. అందువలన కలుగు కీడును మనము ముసలితనపు పద్దున వ్రాసి యూరకుండుచున్నాము. మేమును ఆ వయస్సువారమే గనుక ఈ సంగతి విన్నవింప సాహసించితిమి.

అమరసింహుడు నీటికి చెప్పిన పర్యాయపదములలో 'జీవనము', 'అమృతము' అనునవి కలవు. బాల్యమున వల్లించిన యా పేర్ల సార్థకత వార్ధకమున చక్కగా బోధపడును. యౌవనమున శరీరపు బరువులో నూటికి సుమారు 60 పాళ్ళు నీరుండును. వయస్సు ముదిరినకొలది కండ తఱిగి, అది 50 పాళ్ళకు దిగవచ్చును. మూత్రపిండములకు నీటిని పొదుపుచేయు శక్తి తగ్గును. అన్నిటికంటె ముఖ్యముగా దాహమే మందగించును. పడుచువానికి ఒడలిలో నీరు కొంచెము తగ్గగనే నోరెండును. వృద్ధునకు ఎంతో తగ్గినను నోరు చెప్పదు. కావున 'దప్పిక లేదు' అను మాట వృద్ధులయెడ ప్రమాణము గాదు.

నీరు చాలనపుడు నాలుక పొడిబాఱును, మూత్రము ముదురుపసుపు రంగున వచ్చును, మలబద్ధము కలుగును, లేచి నిలుచునపుడు కన్నులు చీకట్లు క్రమ్మును. అట్లు తూలిపడి తుంటియెముక విఱిగినవారు మరల మంచము దిగుట కష్టము. తుదకు మాట తడబడి, మనుష్యులను పోల్చలేకపోవుటయు కలదు. 'మామగారికి మతి చలించినది' అని యింటివారనుకొందురు. అట్టి మార్పు హఠాత్తుగా కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికడకు తీసికొనిపోవలెను. 2015వ సంవత్సరము మే నెలలో వడగాడ్పులకు మన ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికిపైగా మరణించిరి. ఎండకాలమున ఈ విషయము ప్రాణసమస్య యనుటకు అంతకంటె నిదర్శనము వలదు.

ఇక మన సీమ సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటికి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవును. వేసవిని సరస్సు మట్టము తగ్గినపుడు ఆ దారినే ఉప్పునీరు పైకెక్కును. పట్టణముల మురుగును, చేపలచెరువుల నీరును అందే కలియును. 2002లో రామ్‌సార్ పట్టికకెక్కి ప్రపంచఖ్యాతి గాంచిన యీ సరస్సు చెంతనే మనవారు త్రాగునీటిని టిన్నులతో కొనుచున్నారు. కొన్న నీటిని పిల్లలకు మిగిల్చి, తాము గ్రుక్కెడుతో సరిపెట్టుకొను పెద్దలను మేమెఱుగుదుము.

మఱియొక కారణము కలదు. రాత్రి లేవవలసివచ్చునేమో, ఎవరినో లేపవలసివచ్చునేమో యని సాయంకాలమునుండి చెంబు ముట్టని తల్లులెందఱో యున్నారు. మరుగుదొడ్డి పెరటి చివర నుండును, త్రోవలో దీపముండదు, కాళ్ళలో పట్టుండదు. దానిని మనము మొండితనమందుము. ఇంటివారికి శ్రమ యీయరాదను ప్రేమయే దానికి మూలము. అట్టి ప్రేమను బిడ్డలు అంగీకరింపరాదు.

ఐరోపా పోషణవైద్యులు వృద్ధులకు దినమునకు స్త్రీలకు 1.6 లీటర్లు, పురుషులకు 2 లీటర్లు తక్కువకాకుండ పానీయములు వలయునని నిర్ణయించిరి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో అవి 8, 10 గ్లాసులగును. ఇందు మజ్జిగ, పాలు, కాఫీ, తేనీరు కూడ చేరును. లేవగనే యొకటి, భోజనములతోను మందులతోను కొన్ని, చీకటిపడులోపల తక్కినవి త్రాగినచో రాత్రి లేచుట తగ్గును. పలుచని మజ్జిగయు, గంజియు, కొబ్బరినీరును, వేసవిని తాటిముంజలును మంచివే. గుండెజబ్బు, మూత్రపిండవ్యాధి గలవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. రక్తపోటు గలవారు మజ్జిగలో ఉప్పు తగ్గింపవలెను. చిల్లగింజ అరగదీసి కలిపిన నీరు తేటపడును గాని, క్రిములు చావవు. వానికి కాచుటయే మందు. ఉప్పదనము కాచినను పోదు.

మన పూర్వులు బాటసారులకు చలివేంద్రములు పెట్టి, అడుగకమున్నే దాహము తీర్చిరి. ఆ మర్యాదను ఇంటి పెద్దలకును జరుపుడని మా ప్రార్థన. మంచము చెంత మూతగల చెంబు, త్రోవలో దీపము, మరుగుదొడ్డి గోడకు పట్టుకొను కమ్మి, ఈ మూటికి అగు వ్యయము స్వల్పము. వేసవిలో మన గ్రామశాఖల యువకులు ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లకు దినమున కొకసారి పోయి, చేతికి గ్లాసందించి, త్రాగువఱకు కూర్చుండి వత్తురుగాక. ఈ యేటి తీర్మానములలో దీనిని కూడ చేర్చవలసినదిగా సభవారిని వేడుచు విరమించుచున్నాము.