ముందరికాళ్ళ బంధం

ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట ‘సంకెల’.

సంకెల అంటే కాళ్ళకో చేతులకో వేసే ఇనుప గొలుసు. అది అసలు అర్థం. మనిషిని కదలనివ్వని దేన్నయినా సంకెల అనే అంటాం. అది రెండో అర్థం. మనవాళ్ళను ఎక్కువగా కట్టేసింది ఈ రెండోదే.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ళలో ఎన్నో కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టరుకు ఎక్కాయి. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. కాళ్ళకు ఇనుము లేదు, తెగ పేరే సంకెల అయింది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. ఆ అనుమానపు చూపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పు ఇంకో సంకెల. కాగితం మీద ఒక్క వేలిముద్ర, జీవితమంతా చాకిరీ. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చాకిరీకి ముడిపెట్టిన అప్పు తీర్చనక్కరలేదని చట్టమే చెబుతోంది. మీ ఊళ్ళో ఎవరైనా అలా ఉంటే కలెక్టరుగారికి అర్జీ రాయండి. రాయడం వచ్చిన మీరే రాయాలి.

మూడోది మీకు బాగా తెలుసు. పశువుకు ముందరికాళ్ళ బంధం వేస్తారు. అది మేస్తుంది, నాలుగడుగులు వేస్తుంది, పరుగెత్తలేదు.

వార్డెన్‌గా చేరిన కొత్తలో నేనే ఒక పాపకు ఆ బంధం వేశాను. ఎంపీసీ తీసుకుంటానంటే, “లెక్కలు నీవల్ల కాదమ్మా, సీఈసీ తీసుకో” అన్నాను. మంచే చెబుతున్నాననుకున్నాను. ఆ పాప “సరే మేడమ్” అని తల వంచుకుని వెళ్ళిపోయింది. పదో తరగతిలో ఆమెకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో కూడా నేను చూడలేదు. తర్వాత చూస్తే, అన్నిటికంటే ఎక్కువ లెక్కల్లోనే ఉన్నాయి. అప్పటికి అడ్మిషన్లు అయిపోయాయి.

అప్పటినుంచి “నీవల్ల కాదు” అనే మాట మా హాస్టల్లో నేను అనను, ఎవరినీ అననివ్వను.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఎవరైనా “మనవాళ్ళకెందుకు ఇవన్నీ” అంటే, అన్నది నాలాంటి మేడమ్ అయినా సరే, “ఎందుకు కాదు?” అని ఒక్కసారి అడగండి. మీ తర్వాతి పిల్లలకు ఆ బంధం మీరు వేయకండి.