ఎండకు కులం లేదంట, నీడకుంది

(మేళ్లచెరువు దళితవాడ సభలో చేసిన ఉపన్యాసానికి రాతరూపం)



వాతావరణ మార్పు మీద మాట్లాడాలంటే మామూలుగా హైదరాబాదులో ఏసీ హాలు బుక్ చేస్తరు. తలా ఒక నీళ్ల సీసా ఇస్తరు. బయటికి పోయేటప్పుడు గుడ్డ సంచి ఇస్తరు. ఇక్కడ మనకు షామియానా ఉంది. ముందు కూచున్నోళ్లకు నీడ దొరికింది, వెనక నిలబడ్డోళ్లకు అదీ లేదు. కాబట్టి ఇవాళ్టి ఉపన్యాసంలో సగం మీకు ముందే తెలుసు. మిగతా సగమే నేను చెప్పాలి.

"ఎండకు కులం లేదు, మతం లేదు, భూమి వేడెక్కితే అందరం పోతం" అని పెద్దమనుషులు చెబుతుంటరు. వినడానికి బాగుంది. ఎండకు కులం లేని మాట నిజమే. కానీ నీడకు కులం ఉంది. ఈ రెండో ముక్క వాళ్లు చెప్పరు. అదొక్కటే నేనివాళ చెప్పదలుచుకున్నది.

ముందు ఒక చిన్న సంగతి. రోజూ సాయంత్రం వార్తల్లో ఇవాళ 44 డిగ్రీలు, 45 డిగ్రీలు అని చెబుతరు కదా. అది ఎక్కడ కొలుస్తరో తెలుసా? తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె ఒకటి ఉంటది. గాలి ఆడేటట్టు నాలుగు పక్కలా బద్దలు, పైన కప్పు. నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తున నిలబెడతరు. థర్మామీటరు దాని లోపల ఉంటది, ఎండ పొడ తగలదు. శాస్త్రానికి అది అవసరమే, తప్పు పట్టను. కానీ అర్థం చేసుకోండి. సర్కారు చెప్పే ఎండ నీడలో కొలిచిన ఎండ. క్వారీలో రాళ్ల మధ్య నిలబడ్డోడి ఎండ, లారీ మీద బస్తా ఎత్తేటోడి ఎండ, మిరప చేనులో నడుము వంచిన అక్క ఎండ ఆ లెక్కలోకి రాదు. థర్మామీటరుకు కూడా నీడ ఇచ్చిన దేశం మనది. మనిషికే మరిచిపోయింది.

ఇప్పుడు మన ఊరి సంగతికొద్దాం. మేళ్లచెరువు, మట్టంపల్లి, పాలకీడు, చింతలపాలెం. ఈ మండలాల కింద ఉన్నది సున్నపురాయి. కోట్ల సంవత్సరాల కింద ఇక్కడ సముద్రం ఉండేది. ఆ సముద్రం అడుగున పేరుకున్నదే మన రాయి. అందుకే కృష్ణ ఒడ్డున ఇటు మనకూ అటు పల్నాడుకూ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. పేర్లు చెప్పనక్కర్లేదు, గోడల మీద రాసే ఉన్నయి.

సున్నపురాయిని కాలిస్తే ఏమైతదో మన ముసలోళ్లకు తెలుసు. సున్నం బట్టీ చూసినోళ్లే కదా. వంద కిలోల మంచి సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగుల్తది. మిగతా 44 కిలోలు ఏమైనయి? కంటికి కనపడకుండా గాలిలోకి పోయినయి. అదే బొగ్గుపులుసు గాలి. సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో 1450 డిగ్రీల దాకా వేడి చేస్తరు. ఆ వేడి కోసం మండించే బొగ్గు పొగ వేరే. రాయిలోంచి వచ్చేది వేరే. రేపు బొగ్గు మానేసి సోలారు పెట్టినా రాయిలోంచి వచ్చేది ఆగదు. రెండూ కలిపితే, 50 కిలోల సిమెంటు బస్తా ఒకటి తయారైతే సుమారు 30 కిలోల బొగ్గుపులుసు గాలి పైకి పోతది. ప్రపంచం మొత్తం వదిలే ఆ గాలిలో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటుదే. సిమెంటు తయారు చేసే దేశాల్లో చైనా తర్వాత మనదే. అంటే భూగోళం వేడెక్కే కథలో మేళ్లచెరువు పేరు కూడా ఉంది.

"అయితే సిమెంటు వద్దంటవా?" అని ఎవరన్నా అడుగుతరు. అననే అనను. గుడిసెలో పుట్టి గుడిసెలో చచ్చిన జాతి మనది. స్లాబు ఇల్లు అడగడం మన హక్కు. నేనడిగేది వేరే. ఇక్కడి రాయి తీసి, ఇక్కడి గాలిలో పొగ వదిలి చేసిన సిమెంటు ఎవరి నెత్తిన కప్పయింది? అపార్టుమెంట్లయింది, ఫ్లైఓవర్లయింది, ప్రాజెక్టులయింది. రాయి తీసిన నేల పక్కనే మనోళ్లు ఇంకా రేకుల కింద పండుకుంటున్నరు. మే నెలలో రేకుల ఇంట్లో పగలు ఉడుకుతరు, రాత్రి కూడా ఆ వేడి దిగదు. పొద్దంతా ఎండలో చేసిన ఒళ్లు రాత్రన్నా చల్లారాలె. చల్లారకపోతే మూడో రోజో నాలుగో రోజో మనిషి పడిపోతడు. వడదెబ్బ అంటే ఒక్క మధ్యాహ్నం తగిలే దెబ్బ అనుకుంటం. చాలాసార్లు అది నాలుగు రాత్రుల నిద్రలేమి కూడా.

ఇంకో ముచ్చట. పాత రోజుల్లో వాడను ఊరికి ఏ దిక్కున పెట్టాలనేది చాలా ఊళ్లలో గాలి చూసి నిర్ణయించారు. మన మీంచి వీచిన గాలి ఊరిమీదికి పోకూడదట, మైలట! మన వాతావరణ శాస్త్రజ్ఞులు అప్పటికే అంత తెలివైనోళ్లు. ఇప్పుడు చూడండి. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పోయే గాలికి ఊరూ తెలియదు వాడా తెలియదు. కరీదు తెలియదు, మైల తెలియదు. అమెరికాలో కారు పొగ మన మిరప చేను మీదికొస్తది. గాలి కులం మానేసింది. కులం పాటించేటోళ్లు మాత్రం మానలేదు. ఊళ్లో పెద్ద చెట్లున్న జాగ ఎవరిది? బావి ఉన్న చేను ఎవరిది? కాలువ నీళ్లు ముందు పారే మడి ఎవరిది? చివరికి ఎండిపోయే మడి ఎవరిది? నీడకు కులముందని నేనంటే కవిత్వమనుకోకండి. పట్టాదారు పాసుపుస్తకాలు తీసి చూడండి.

మన ఊరి శంభులింగేశ్వరుడి నెత్తిన నీళ్లు ఎన్నడూ ఆరవంటరు. శివరాత్రికి జాతర, ఎడ్ల పందేలు, ఎంత జనం! మంచిదే. దేవుడికి నెత్తిన ఊట ఉన్నందుకు నాకేం కుళ్లు లేదు. ఆ ఏర్పాటేదో వాడలోని నల్లాలకు కూడా చేయమని ఆయన్ని అడుగుతున్న.

ఇక ఈ వాతావరణ భక్తులున్నరు. వీళ్ల సంస్కృతి చూస్తే నవ్వొస్తది. ఒకటి, 'ఎర్త్ అవర్'. 2007లో ఆస్ట్రేలియాలో సిడ్నీలో మొదలైంది. ఏడాదికోసారి మార్చిలో ఒక రాత్రి గంటసేపు దీపాలు ఆర్పేసి భూమిని కాపాడతరు. మన వాడల్లో తరాల తరబడి ప్రతి రాత్రీ ఎర్త్ అవరే. ఎవడూ మనకు బిరుదివ్వలేదు.

రెండోది, మాంసం. పెద్దకూర తింటే భూమి వేడెక్కుతదని పశ్చిమ దేశాల్లో ఒక లెక్క ఉంది. అక్కడ మక్కలు మేపి, ఫ్యాక్టరీల్లాంటి దొడ్లలో పశువులను పెంచి, మనిషికి ఏడాదికి వంద కిలోల మాంసం తినే దేశాలకు ఆ లెక్క సరే. ఆ కాగితం పట్టుకొని మన దగ్గర పప్పు బ్రాహ్మణులు ఎగిరి గంతేసిరి. "మేం వేల ఏండ్ల నుంచి చెబుతలేమా!" అని. అయ్యా, మాంసం తక్కువ తినే దేశాల్లో ప్రపంచంలోనే మనది ముందు వరసలో ఉంది. మా తాతలు తిన్నది పొలం దున్ని ముసలిదైన ఎద్దు. దాని తోలు చెప్పయింది, డప్పయింది, మోట బొక్కెనయింది. వృథా అయ్యింది ఏమన్నా ఉందా? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే రాళ్లేసిరి. అప్పుడు సంస్కృతి పేరు. ఇప్పుడు వాతావరణం పేరు. కంచం మాత్రం మాదే.

మూడోది, కార్బన్ క్రెడిట్లు. 2023లో కేంద్ర ప్రభుత్వం వీటి వ్యాపారానికి పథకం తెచ్చింది. సిమెంటునూ దాంట్లో చేర్చి 2025లో లెక్కలు కట్టింది. టన్ను సరుకుకు ఇంత పొగ అని హద్దు పెడతరు. హద్దుకు తక్కువ వదిలినోడికి క్రెడిట్లు, ఎక్కువ వదిలినోడు కొనుక్కోవాలె. ఇది మనకు కొత్తా? పాపం చేసి బ్రాహ్మడికి గోదానమిస్తే పాపం పోయే పద్ధతి ఈ దేశంలో ఎన్నడో ఉంది. పొగ తగ్గించేటందుకు పనికొస్తే రానీయండి, నేను అడ్డం పడను. కానీ ఆ కొనుడు అమ్ముడులో పొగ కింద బతికే వాడకు చేరేది ఎంత? గుండు సున్నా. పాపం వాళ్లది, దానం వాళ్లది, దగ్గు మనది.

మా ఎర్రజెండా అన్నలను కూడా వదలను. ఈ నల్లగొండ మట్టిలో పోరాటం చేసినోళ్లు, గౌరవముంది. కానీ ముందు వర్గం తేలితే కులం దానంతటదే పోతదని యాభై ఏండ్లు చెప్పిరి. ఇప్పుడు ముందు విప్లవం రానీ, ఎండ దానంతటదే తగ్గుతదంటరేమో. ఇక ఏలేటి పార్టీల సంగతి చెప్పేదేముంది? 2021లో గ్లాస్గోలో మన ప్రధానమంత్రి 2070 నాటికి లెక్క సున్నాకు తెస్తమని మాటిచ్చిండు. ఆ మాట నిలబెట్టుకున్నడో లేదో అడగడానికి ఈ సభలో ఎవరుంటరు? చేయి ఎత్తండి చూద్దాం.

ఇదేదో రేపటి సంగతి కాదు. 2015 మే నెలలో కొద్ది రోజుల్లోనే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు చచ్చిపోయినోళ్ల సంఖ్య వేయి దాటింది. ఎవరు వాళ్లు? కూలోళ్లు, ముసలోళ్లు, మేకలు కాసేటోళ్లు. గాలి వేడెక్కితే నీటి ఆవిరిని కూడా ఎక్కువ పట్టుకుంటది. ఒక్క డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ. పట్టుకున్నది ఒక్కసారే కుమ్మరిస్తది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు ఒకటిన కుమ్మరించింది. కోదాడ మునిగింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఖమ్మంలో మున్నేరు, బెజవాడలో బుడమేరు ఇండ్ల మీద పడ్డయి. నీళ్లు ముందు చేరేది పల్లానికి. పల్లంలో ఇండ్ల జాగ ఎవరికిచ్చిన్రో మళ్లీ చెప్పాలా?

మునగడం మన దగ్గర కొత్తేం కాదు. పులిచింతలకు 2004లో రాయేసిరి, 2013 డిసెంబరులో జాతికి అంకితం చేసిరి. 45 టీఎంసీల పైచిలుకు నీళ్లు. ఇటు నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు లాంటి ఊళ్లు నీళ్ల పాలయినయి. తడిసింది కింద డెల్టా మాగాణి. అభివృద్ధి అయినా అంతే, ఎండయినా అంతే. లాభం పల్లానికి పారుతది, నష్టం మన దగ్గర నిలబడుతది.

ఇంతకూ ఏం చేద్దాం? మూడు సంగతులు పట్టుకుందాం.

ఒకటి, పని గంటలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఒక లెక్క చెప్పింది. 2030 నాటికి ఎండ వల్ల ఇండియా పని గంటల్లో 5.8 శాతం పోతయని. అంటే 3 కోట్ల 40 లక్షల ఉద్యోగాలకు సమానం. ఆ పోయే గంటలు ఎవరి కూలిలోంచి కోస్తరు? అది ఇప్పుడే తేల్చుకోవాలె. 1946లో ఫ్యాక్టరీల చట్టం మారి వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. ఆ బిల్లు తెచ్చిన లేబర్ మెంబరు మన బాబాసాహెబ్ అంబేద్కర్. విగ్రహానికి దండ వేసేటోళ్లకు ఈ సంగతి గుర్తుండదు. 2025 జూలైలో మన రాష్ట్ర సర్కారు దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. ఎనిమిది గంటలు బాబాసాహెబ్ తెచ్చిండు. ఏ ఎనిమిది గంటలన్నది మనం తేల్చాలె. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పని ఆపాలె, కూలి కోయకూడదు. చేనయినా, క్వారీ అయినా, లోడింగయినా ఇదే మాట.

రెండు, కప్పు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది. కప్పు మీద తెల్లటి పూత వేస్తే ఇల్లు చల్లబడుతది, నిజమే. ఐదేండ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులన్నరు. అందులో 200 హైదరాబాదుకే! మిగిలిన రాష్ట్రమంతటికీ 100. సున్నం పుట్టిన నేల మీద ఉండి మన కప్పుకు సున్నం దిక్కు లేదు. వాడలో ప్రతి కప్పుకూ పూత వేయాలె, ప్రతి వాడకూ ఎండలో కూడా ఆగని నల్లా ఉండాలె.

మూడు, పైసలు. ఎక్కడివంటరా? 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి అని పెట్టిరి. గనుల వల్ల నష్టపోయిన జనం కోసమే అది. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన లీజులకు 10 శాతం దాంట్లో కట్టాలె. 2014లో సిమెంటు సున్నపురాయికి టన్నుకు 80 రూపాయల రాయల్టీ ఖరారు చేసిరి. దాంట్లో 30 శాతమంటే టన్నుకు 24 రూపాయలు. రోజూ ఎన్ని టన్నులు పోతున్నయో రోడ్డు మీద నిలబడి లారీలు లెక్కపెట్టండి. మన ఊరి పేరు మీద ఎంతొచ్చింది, ఎక్కడ ఖర్చయింది? గ్రామసభలో కాగితం పెట్టమని అడుగుదాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల దరఖాస్తు.

2024 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వాతావరణ మార్పు దెబ్బల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లోనే ఉందని. ఆ కేసు ఎవరి కోసం వేసిరనుకుంటున్నరు? బట్టమేక పక్షి కోసం, రాజస్థాన్ గుజరాత్ కరెంటు తీగలకు తగిలి చస్తున్నదని. పక్షి చల్లగుండాలె. దాని పుణ్యాన మనకూ హక్కు రాసిచ్చిరి. ఇక దాన్ని వాడుకోవాలె.

చివరగా ఒక మాట. 2025 ఏప్రిల్‌లో మన సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తు అన్నది. చనిపోయిన మనిషి ఇంటికి నాలుగు లక్షలన్నది. అంతకుముందు యాభై వేలే. పెంచినందుకు సంతోషం. కానీ చచ్చినంక వచ్చే నాలుగు లక్షల కన్నా, బతికుండగా నాలుగు గంటల నీడ మనకు ముఖ్యం. 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగి మనవాళ్లు ఒక హక్కు తెచ్చుకున్నరు. నీళ్లు అప్పుడు అడిగినం. నీడ ఇప్పుడు అడుగుదాం. వచ్చే గ్రామసభకు ఈ మూడు కాగితాలూ రాసి పట్టుకొని రండి. వెనక నిలబడ్డోళ్లు ముందుకొచ్చి కూచోండి, షామియానా కింద ఇంకా జాగ ఉంది.

జై భీం.