పెద్ద కొలుములకు కోడిపొయ్యి

(ఒక గ్రంథాలయ పఠనమందిరమున నిచ్చిన యుపన్యాసము)



కొలుములను గూర్చియు బట్టీలను గూర్చియు మాటలాడుమని నన్ను నియోగించిన కార్యదర్శిగారు నేను న్యాయవాదినను సంగతి యెఱుగనివారు కారు. ఇంజనీరును పిలువక ప్లీడరును పిలిచితిరేమని యడిగితిని. "ఇంజనీరు వచ్చిన లెక్కలు చెప్పును, మాకు నిద్ర వచ్చును" అని వారు సెలవిచ్చిరి. కావున కథ యెక్కువగాను లెక్క తక్కువగాను చెప్పెదను. అయినను కొన్ని లెక్కలు తప్పవు.

గ్యాసు పొయ్యిలు రాకమునుపు మన యిండ్లలో కోడిపొయ్యి యని యొకటి యుండెడిది. ఇచ్చటి పెద్దలకు జ్ఞాపకముండును. పెద్దపొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా, ప్రక్క కన్నము గుండ పోవు మంటమీద మా అమ్మమ్మ పప్పుకుండ పెట్టెడిది. దానికి వేఱుగ కట్టె లేదు. ఆ మంట యెట్లును పోవునదే. పోవుదారిలో దానిచేత మఱియొక పని చేయించుట, అంతే. నేడు నేను చెప్పబోవునదంతయు ఆ కోడిపొయ్యియే.

ఈ విషయము నా తలకెక్కిన విధము వినుడు. కొన్ని సంవత్సరముల క్రిందట నొక మామిడితోట యజమాని, పొరుగున నున్న యిటుకల బట్టీ పొగవలన తన తోట చెడుచున్నదని వ్యాజ్యము వేసెను. నేను తోట పక్షమున వకీలును. స్థలము చూచుటకై వేకువజామున పోతిని. ఆ బట్టీ పొగగొట్టము గలది కాదు. పచ్చి యిటుకలను గుట్టగా పేర్చి, నడుమ ఊకయు కట్టెయు రాతిబొగ్గును నింపి, పైన మట్టి మెత్తి అంటించెడు ఆవము. పది గజముల దూరమున నిలిచినను ముఖము మండుచుండెను. ప్రతివాది నన్ను శత్రుపక్షమువాడని యెంచక, తాటాకు పందిరిలో కూర్చుండబెట్టి మజ్జిగ యిప్పించి, "వకీలుగారూ, ఇటుక కాలుటకు కొన్ని దినములు, చల్లారుటకు మఱికొన్ని దినములు. చల్లారువఱకు నాకు పని లేదు" అనెను.

ఆ మాట నా చెవిలో నిలిచిపోయెను. వేలకొలది యిటుకలు తాము త్రాగిన వేడినంతయు దినములకొలది ఆకాశమునకు విడిచిపెట్టుచున్నవి. ఆ ప్రక్కనే పచ్చి యిటుకలు మఱియొక గుట్టగా, మఱియొక బండెడు ఊకకై కాచుకొని యున్నవి. రెంటికిని నడుమ ఇరువది అడుగుల దూరము లేదు. బట్టీ యజమాని ఒకే వేడిని రెండుమాఱులు వెల పెట్టి కొనుచున్నాడు. కొన్నది పొగయై నా కక్షిదారుని తోటమీదికి పోవుచున్నది.

ఈ రెండుమాఱులు కొనుట మన బట్టీలవాని యజ్ఞానము మాత్రమే యని తలంపకుడు. రెండువందల యేండ్ల క్రిందట బ్రిటను దేశపు ఇనుప కొలుముల యజమానులందఱును ఇట్లే చేయుచుండిరి. కొలిమిలోనికి తిత్తులతో కొట్టు గాలి యెంత చల్లనైన నంత మేలని వారి సిద్ధాంతము. ఏలయన, కొలిమి వేసవిలోకంటె శీతకాలమున బాగుగ పనిచేయుట వారు కన్నులార చూచినదే. అందుచేత కొందఱు గాలిని చల్లని నీటిమీదుగా పంపిరి. కొందఱు గాలితొట్లకు తెల్లరంగు పూసిరి. శీతకాలపు గాలిలో తేమ తక్కువ యగుటయే యసలు కారణమని వారికి తట్టలేదు. కనులు చూచినది నిజము, మనస్సు చెప్పిన కారణము అబద్ధము. న్యాయస్థానములలో సాక్షుల వాఙ్మూలములు వినువారికి ఇది క్రొత్త గాదు.

గ్లాస్గో నగరపు గ్యాసు కర్మాగారమున పనిచేయుచుండిన జేమ్సు బోమాంటు నీల్సను అను నాతడు 1828లో, గాలిని కొలిమికి పంపుటకు ముందు వేడిచేయవలెనని పేటెంటు పుచ్చుకొనెను. మఱుసటి యేడు క్లైడు ఇనుప కర్మాగారమున పరీక్ష జరిగెను. ఫలితము చూడుడు. ఒక టన్ను ఇనుమునకు 1829లో 8 టన్నుల పైచిలుకు రాతిబొగ్గు పట్టెడిది. 1830లో గాలిని సుమారు 300 ఫారన్‌హీటు డిగ్రీలకు వేడిచేయగా అది 5 టన్నుల పైచిలుకునకు దిగెను. 1833 నాటికి 600 డిగ్రీలకు చేర్చి, కోకు మాని పచ్చి రాతిబొగ్గునే వాడగా 2 టన్నుల పైచిలుకుతో సరిపోయెను. గాలి వేడిచేయుటకు వేఱుగ కాల్చిన బొగ్గును కొంత దీనికి కలుపవలెను. కోకు మానుటవలన కలిగిన లాభమును వేడిగాలి ఖాతాలో వ్రాయరాదు. ఇన్ని తీసివేసినను మిగిలిన లాభము వారి సిద్ధాంతమును బూడిద చేసినది.

తరువాత జరిగినది నా వృత్తికి సంబంధించినది గనుక కొంచెము నిలిచి చెప్పెదను. నీల్సను టన్నుకు ఒక షిల్లింగు చొప్పున రుసుము కోరెను. అధిక మనరాదు. అయినను కొందఱు యజమానులు వేడిగాలి వాడుకొనుచునే రుసుము నెగవేసిరి. "గాలిని వేడిచేయుట ప్రకృతి సూత్రము. సూత్రమునకు పేటెంటు ఎక్కడిది?" అని వారి వాదము. నీల్సను తన పత్రములో, గాలి వేడిచేయు పాత్ర యే రూపమున నున్నను ఫలమునకు భేదము లేదని వ్రాసియుండెను. పాత్ర రూపమునుబట్టి లాభము హెచ్చుతగ్గులగునని విచారణలో తేలినది. ఒక్క వాక్యము పేటెంటు నంతయు ముంచవలసినదే. 1841లో ఇంగ్లండు న్యాయమూర్తులు దానిని నిలువబెట్టిరి. సూత్రము లోకులందఱిది, దానిని పనిలో పెట్టు సాధనము నీల్సనుది యని వారి తీర్పు. 1843లో స్కాట్లాండున జూరీయు నతని పక్షమే పలికెను. పత్రములు వ్రాయునప్పుడు అనవసరపు వాక్య మొకటి యెంత పని చేయునో నా జూనియర్లకు ఈ వ్యాజ్యము చూపి చెప్పుచుందును.

అయితే నీల్సను చేసినది ఇంకను పూర్తి కోడిపొయ్యి కాదు. గాలికి వేఱు పొయ్యి, వేఱు బొగ్గు. ఆ కాలమున కొలిమి నెత్తిమీద మండెడు వాయువు రాత్రులయందు ఆకాశము నెఱ్ఱజేయుచుండగా, క్రింద గాలిని వేడిచేయుటకు కూలీలు బొగ్గు మోయుచుండిరి! 1830 తరువాత జర్మనీలో ఫాబర్ డు ఫార్ అను నాతడు ఆ నెత్తిమంటనే గాలికి పొయ్యిగా మార్చెను. 1857లో కౌపరు అను నింగ్లీషు ఇంజనీరు ఇటుకలు నింపిన గోపురములను పేటెంటు చేసెను. అప్పటికి కోడిపొయ్యి అమరెను.

ఆ యిటుక గదుల యుపాయమును కొంచెము విప్పి చెప్పవలెను. రెండు గదులు. రెంటిలోను సందులు విడిచి పేర్చిన ఇటుకలు. కొలిమినుండి వచ్చు పొగ మొదటి గదిలోనుండి పోవుచు తన వేడిని ఇటుకల కిచ్చి చల్లనై బయటపడును. ఇరువది ముప్పది నిమిషములకు తలుపు త్రిప్పుదురు. అప్పుడు చల్లని గాలి ఆ వేడి యిటుకలమీదుగా కొలిమిలోనికి పోవుచు, పొగ విడిచిన వేడిని తాను గైకొనును. ఆ సమయమున రెండవ గది పొగచే వేడెక్కుచుండును. మరల త్రిప్పుదురు. ఈ యూహకు మూలపురుషుడు 1816లో పేటెంటు పుచ్చుకొన్న రాబర్టు స్టర్లింగు. అతడు స్కాట్లాండున క్రైస్తవ మతబోధకుడు! నన్ను వెక్కిరించు మిత్రులు ఈ సంగతి గమనింతురు గాక.

దీనిని గాజు, ఉక్కు కొలుములకు పట్టించినవారు సీమెన్సు సోదరులు. ఫ్రెడరిక్ పేటెంటు 1856 నాటిది. ఫారడే మహాశయుడు 1862 జూను 20వ తేదీన లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో శుక్రవారపు సభలలో తన కడపటి ప్రసంగము చేసినది ఈ కొలిమిని గూర్చియే. ఇందు ఇంధనపు పొదుపు మాత్రమే కాదు, అంతకుముందు అందని వేడిమియు అందెను. దానివలననే 1865లో ఫ్రాన్సున మార్టిను అట్టి కొలిమిలో ఉక్కు కరగించెను. మన జంషెడ్‌పూరులో 1912లో తొలి ఉక్కు పోసినదియు ఈ జాతి కొలిమిలోనే. ఉక్కునకు ఆ పద్ధతి పాతబడినను గాజు కర్మాగారములలో ఆ యిటుక గదులు నేటికిని ఊపిరి పీల్చి విడుచుచున్నవి.

ఇక ఇటుకలకు రండు. 1858లో ప్రష్యా దేశమున ఫ్రెడరిక్ హాఫ్‌మను వలయాకారపు బట్టీని పేటెంటు చేసెను. అందు ఇటుకలు కదలవు, నిప్పు కదలును. నిప్పు వెనుక కాలిన యిటుకలు చల్లారుచుండును. వాని నడుమనుండి గాలి వచ్చుచు వేడెక్కి నిప్పును చేరును. నిప్పు ముందు పచ్చి యిటుకలుండును. పొగ వాని నడుమనుండి పోవుచు వానిని ఆరబెట్టి వెచ్చజేయును. నిప్పు వలయము చుట్టి వచ్చుసరికి వెనుక ఇటుకలు దింపి క్రొత్తవి పేర్చియుందురు. నాతో మజ్జిగ త్రాగించిన యజమాని "చల్లారువఱకు పని లేదు" అనెనే, ఇచ్చట ఆ చల్లారుటయే పని! 1876లో బుల్ అను నింగ్లీషు ఇంజనీరు దీనినే మన దేశమున నేలలో కందకముగా త్రవ్వి, తక్కువ ఖర్చుతో కట్టునట్లు మార్చెను. నేడు ఉత్తర హిందూస్థానమున వేలకొలది బట్టీలు దాని సంతతియే. జిగ్‌జాగ్ బట్టీ యందు ఇటుకలను వంకరదారిగా పేర్చుటచే పొగ యెక్కువసేపు వానిని తాకుచు పోవును. మామూలు కందకపు బట్టీకంటె బొగ్గు సుమారు ఐదవవంతు కలిసివచ్చును. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణశాఖ బట్టీలను ఈ పద్ధతికి గాని అట్టి మఱియొక పద్ధతికి గాని మార్చవలెనని ప్రకటన చేసినది. మన జిల్లాలలో ఆవములు మాత్రము ఇంకను పొగయుచునే యున్నవి.

ఇది మన చేతగానిదని యనరాదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున కోకు సుమారు వేయి డిగ్రీల వేడితో పొయ్యినుండి బయటపడును. లోకమున పలుచోట్ల దానిమీద నీరు గ్రుమ్మరించి, ఆ వేడినంతయు ఆవిరిమేఘముగా విడిచిపెట్టుదురు. విశాఖలో నీటికి బదులు నత్రజని వాయువును పంపి, అది తెచ్చిన వేడితో బాయిలరులో ఆవిరి పుట్టించి విద్యుత్తు తీయుదురు. నల్లగొండ, కడప ప్రాంతముల సిమెంటు కర్మాగారములలో ముడిపొడిని గోపురము పైనుండి విడిచి, క్రిందినుండి లేచు పొగచేత వేడెక్కింతురు. వెనుకటి తడి పద్ధతిలో ఒక కిలో క్లింకరునకు సుమారు 1300 కిలోకేలరీలు పట్టగా, నేటి మంచి కర్మాగారమునకు 700 మొదలు 750 వఱకు చాలును.

ప్రతివాది పక్షమున చెప్పదగినదియు చెప్పెదను. వేడినంతయు పట్టుకొనుట సాధ్యము గాదు. విసనకఱ్ఱ యంత్రము లేని బట్టీలో పొగగొట్టము లాగవలెనన్న పొగ కొంత వేడిగ నుండవలెను. అది గొట్టమునకు కూలి. బొగ్గులో గంధకము గలదు గనుక పొగను మితిమీరి చల్లార్చిన ఆమ్లము చెమర్చి ఇనుప రేకులను తినివేయును. మఱియొకటి. పొగ వేడిమిని పట్టుటకు ముందు చిల్లులు మూయవలెను. గోడ పగుళ్లగుండ దూరు వృథా గాలిని వేడిచేయుటకే బొగ్గు కాలుచుండగా యంత్రములు పెట్టుట, కన్నపు కుండకు వెండిమూత వేయుటయే. కందకపు బట్టీల పైకప్పుమీద తిరిగి బొగ్గు వేయువారు కాళ్లు కాలకుండ చెక్క చెప్పులు తొడుగుకొందురు. ఆ చెప్పులే చెప్పుచున్నవి, కప్పు గుండ ఎంత వేడి పోవుచున్నదో. పైన బూడిద పొర మందము హెచ్చించిన బొగ్గును మిగులును, వారి పాదములును మిగులును. దానికి వలసినది పాఱయు తట్టయు మాత్రమే.

అయినను జిగ్‌జాగ్ బట్టీకి పెట్టుబడి వలయును. ఆవమునకు అక్కఱలేదు. ఏటేట కౌలునేలలో ఆవము పెట్టువాడు స్థిరమైన కట్టడము కట్టుట యెట్లు? కౌలు పత్రము ఒక్క సంవత్సరమునకే యున్నచో పది సంవత్సరముల పొదుపును ఎవడు నమ్మును? వేడిని పట్టుటకు అడ్డము వచ్చుచున్నది మన ప్రాంతమున శాస్త్రము గాదు, కౌలు పత్రమని నా అభిప్రాయము. ఇంజనీరు చెప్పని యీ మాట ప్లీడరు చెప్పవలసినదే.

నా వ్యాజ్యము రాజీ యయ్యెను. పూత కాలమున ఆవము అంటింపనని ప్రతివాది యొప్పుకొనెను. అతని కుమారుడు నేడు ఈ సభలో వెనుక బల్లమీద కూర్చున్నాడు. ఇద్దఱు ముగ్గురు కలిసి పదేండ్ల కౌలుతో ఒక్క బట్టీ కట్టిన లెక్క తేలునా యని నన్నడిగినాడు. కౌలు పత్రము నేను వ్రాసెదను, దానికి రుసుము తీసికొనను. లెక్క మాత్రము పాలిటెక్నిక్ ఉపాధ్యాయులు చూడవలెను. వచ్చు ఆదివారము సాయంకాలము ఆఱు గంటలకు అతడు గడచిన మూడేండ్ల బొగ్గు, ఊక ఖాతా పుస్తకములు తెచ్చును. ఆసక్తి గలవారు ఇదే బల్లచుట్టు కూర్చుండవచ్చును.