ప్రాధాన్య ఓటు - ఆస్ట్రేలియా పార్టీల జయాపజయాలు



ఎన్నికలు సమీపించిన ప్రతిసారీ మన మొహల్లాలలో ఒకే వాదన వినిపిస్తుంది. మనకు నచ్చిన చిన్న పార్టీకో, స్వతంత్ర అభ్యర్థికో ఓటు వేస్తామంటే "మీరు ఓట్లు చీలుస్తున్నారు, తర్వాత మీరే బాధపడతారు" అంటారు. సరే, పెద్ద పార్టీకే వేద్దామని వేస్తే ఐదేళ్లపాటు ఆ పార్టీ మన గడప తొక్కదు. వీళ్లు ఎక్కడికి పోతారులే అన్న ధీమా దానికి. ఈ రెండింటి నడుమ నలగడం మనకు అలవాటైపోయింది. కానీ ఓట్ల చీలిక అన్ని దేశాలకూ ఉన్న సమస్య కాదు. బ్యాలెట్ పత్రం తీరు మారితే ఆ సమస్య రూపమే మారిపోతుంది. నూరేళ్లకు పైగా వేరే రకం బ్యాలెట్‌తో ఎన్నికలు జరుపుకుంటున్న ఆస్ట్రేలియా అనుభవాన్ని నేడు మీ ముందు ఉంచదలచాము.

ముందుగా పద్ధతి గురించి నాలుగు మాటలు. ఆస్ట్రేలియా ప్రతినిధుల సభకు మన లోక్‌సభ మాదిరిగానే నియోజకవర్గానికి ఒక్కరే ఎన్నికవుతారు. అయితే ఓటరు ఒక్కరిని ఎంచుకొని గుర్తు పెట్టి ఊరుకోడు. పోటీలో ఉన్నవారందరికీ తన ఇష్టం చొప్పున 1, 2, 3 అంటూ అంకెలు వేస్తాడు. తొలి ప్రాధాన్య ఓట్లు లెక్కించినప్పుడు ఎవరికైనా సగానికి మించి వస్తే వారే విజేత. రాకపోతే అందరికంటె తక్కువ ఓట్లు వచ్చినవారిని పోటీ నుండి తొలగించి, వారికి పడిన పత్రాలను వాటిపై ఉన్న తర్వాతి అంకె ప్రకారం మిగిలినవారికి పంచుతారు. ఎవరో ఒకరు సగం దాటేవరకు ఇలాగే సాగుతుంది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలలో ఓటు వేసినవారికి ఇది కొత్త కాదు. ఇక్కడ ఒక్క అంకె వేసినా ఓటు చెల్లుతుంది. అక్కడ ప్రతినిధుల సభకు అంకెలన్నీ వేయాలి. పైగా 1924 చట్టం ప్రకారం ఓటు వేయడం నిర్బంధం, కారణం లేకుండా మానుకుంటే జరిమానా.

ఈ పద్ధతిని బలహీనుల మీద జాలితో తెచ్చారనుకుంటే పొరపాటు. 1918 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. లేబర్ పార్టీ వ్యతిరేకుల ఓట్లు అధికార నేషనలిస్టు పార్టీకీ, రైతుల అభ్యర్థికీ మధ్య చీలిపోయాయి. సుమారు 34 శాతం ఓట్లతోనే లేబర్ అభ్యర్థి ఎడ్విన్ కోర్బోయ్ గెలిచాడు. బిల్లీ హ్యూస్ ప్రభుత్వం కంగారుపడి ఆ ఏడాదే చట్టం మార్చింది. డిసెంబరులో విక్టోరియాలోని కోరంగమైట్ ఉప ఎన్నికలో కొత్త పద్ధతి అమలైంది. అక్కడ తొలి లెక్కింపులో లేబర్‌కు చెందిన జేమ్స్ స్కలిన్ ముందున్నాడు, ప్రాధాన్యాల పంపకం ముగిసేసరికి రైతు సంఘం అభ్యర్థి విలియం గిబ్సన్ గెలిచాడు. అధికారంలో ఉన్నవారు తమ ఓట్లు చీలకుండా చూసుకునేందుకు చేసిన ఏర్పాటు ఇది. చట్టాలు చాలావరకు ఇలాగే పుడతాయి. పుట్టిన తర్వాత ఎవరికి ఉపకరిస్తాయన్నది వేరే సంగతి.

మనం శ్రద్ధగా గమనించవలసిన ఘట్టం 1955లో మొదలవుతుంది. కమ్యూనిస్టుల ప్రభావంపై తగవులాడుకొని లేబర్ పార్టీ రెండుగా చీలింది. విడిపోయినవారు తర్వాత డెమోక్రటిక్ లేబర్ పార్టీ అయ్యారు. దానికి వెన్నెముక కాథలిక్కులు. ప్రొటెస్టెంటులు అధికంగా ఉన్న నాటి ఆస్ట్రేలియాలో కాథలిక్కులు ఒక మతపరమైన మైనారిటీ అన్నది మరువరాదు. ప్రతినిధుల సభ ఎన్నికలలో ఈ పార్టీ ఒక్క స్థానమూ గెలవలేదు. అయినా లేబర్ పార్టీ 1972 వరకు అధికారానికి దూరంగా ఉండడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. పార్టీ తన ఓటర్లకు ఇచ్చిన సూచన ఒక్కటే: మొదటి అంకె మనకు, లేబర్‌కంటె ముందు లిబరల్ కూటమికి. ఆ ఓటర్లు ఆ సూచనను నిష్ఠగా పాటించారు. 1969లో, చివరికి మిగిలే రెండు పక్షాల మధ్య దేశమంతటి ఓట్లను పంచి చూస్తే, లేబర్‌కు సగానికి కొద్దిగా మించే వచ్చాయి. అధికారం మాత్రం రాలేదు.

ఈ నమ్మకమైన ఓటుకు కాథలిక్కులు ఏం పొందారు? వారి పాఠశాలలకు ప్రభుత్వ సాయం అందాలన్నది ఎన్నో దశాబ్దాల కోరిక. 1963 ఎన్నికలలో ప్రధాని రాబర్ట్ మెంజీస్ ప్రైవేటు, మత పాఠశాలలతో సహా అన్నింటికీ సైన్సు ప్రయోగశాలల కోసం నిధులిస్తామని వాగ్దానం చేశాడు. గెలిచి, నిలబెట్టుకున్నాడు. అదే నేటి ఆస్ట్రేలియాలో మత పాఠశాలలకు, ఇస్లామిక్ పాఠశాలలతో సహా, కేంద్ర నిధులు అందే విధానానికి తొలి మెట్టు. ఒక్క సభ్యుడైనా దిగువ సభలో లేని పార్టీ ప్రధానమంత్రి చేత తన కోరికను ఇలా పలికించుకుంది. ఇందులో రెండవ వైపు కూడా ఉంది. వారి రెండవ అంకె ఎటు పోతుందో అందరికీ ముందే తెలుసు. 1974 ఎన్నికలలో డెమోక్రటిక్ లేబర్ పార్టీ సెనేట్‌లోని తన స్థానాలన్నింటినీ పోగొట్టుకుంది.

1990లో ఇదే ఆయుధం లేబర్ చేతికి వచ్చింది. బాబ్ హాక్ పార్టీకి తొలి ప్రాధాన్య ఓట్లు 40 శాతం కూడా రాలేదు. ప్రత్యర్థి కూటమికి అంతకంటె ఎక్కువే వచ్చాయి. పర్యావరణవాదులనూ డెమోక్రట్ల ఓటర్లనూ "మొదటి అంకె మీ ఇష్టం, రెండవది మాకివ్వండి" అని బహిరంగంగా అడిగి, అడవుల రక్షణపై వారికి మాటిచ్చి హాక్ ప్రభుత్వం నిలిచింది. రెండవ అంకె కోసం బతిమాలే పెద్ద పార్టీని మనం ఇంకా చూడవలసే ఉంది.

ఇక మనకు సూటిగా సంబంధించిన కథ పాలీన్ హాన్సన్‌ది. ఆసియావాసులు దేశాన్ని ముంచెత్తుతున్నారని 1996లో పార్లమెంటులో తొలి ప్రసంగం చేసిన ఈమె, ఇరవై ఏళ్ల తర్వాత సెనేట్‌లో ఆ మాటనే ముస్లింల మీదికి మళ్లించింది. 2017లో బురఖా ధరించి సభలోకి వచ్చి అవహేళన చేసింది. ఆమె పార్టీ వన్ నేషన్. 1998 జూన్‌లో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికలు జరిగినప్పుడు లిబరల్, నేషనల్ పార్టీలు తమ సూచన కార్డులలో వన్ నేషన్‌ను లేబర్‌కంటె ముందుంచాయి. సూచన కార్డు అంటే పోలింగ్ కేంద్రం బయట పార్టీ కార్యకర్తలు చేతికిచ్చే కాగితం. ఏ వరుసలో అంకెలు వేయాలో అందులో ఉంటుంది. ఫలితంగా దాదాపు 23 శాతం ఓట్లతో వన్ నేషన్ 89 స్థానాలలో 11 గెలిచింది. దేశం ఉలిక్కిపడింది.

అదే ఏడాది అక్టోబరులో జాతీయ ఎన్నికలు వచ్చాయి. హాన్సన్ బ్లెయిర్ స్థానంలో నిలిచింది. పెద్ద పార్టీలు ఈసారి ఆమెను వరుసలో అట్టడుగుకు నెట్టాయి. తొలి లెక్కింపులో ఆమెకు 36 శాతం, లేబర్‌కు 25, లిబరల్ అభ్యర్థి కామెరాన్ థాంప్సన్‌కు 22 శాతం లోపు. మన పద్ధతిలో అయితే ఆ రాత్రే ఆమె ఇంటి ముందు బాణసంచా కాల్చేవారు. అక్కడ లెక్కింపు ఇంకా మొదలైనట్టే. నేషనల్ పార్టీ ఓట్లు చేరి లిబరల్ అభ్యర్థి రెండవ స్థానానికి ఎగబాకాడు. తర్వాత లేబర్ పత్రాలు తెరిచి చూస్తే వాటిలో అధికభాగం అతనికే వెళ్లాయి. మూడవ స్థానం నుండి థాంప్సన్ గెలిచాడు. దేశమంతటా 8 శాతానికి పైగా ఓట్లు వచ్చినా వన్ నేషన్‌కు దిగువ సభలో ఒక్క స్థానమూ దక్కలేదు.

నాలుగు నెలల వ్యవధిలో ఒకే పార్టీకి ఇంత భిన్నమైన ఫలితాలు ఎలా వచ్చాయి?  పెద్ద పార్టీలు కార్డు మీద ఆమెను ఎక్కడ ఉంచాయన్నది మారింది. కనుక ఆస్ట్రేలియా బ్యాలెట్ ద్వేషానికి తనంతట తాను అడ్డుగోడ కాదు. సగంకంటె తక్కువమంది అభిమానాన్ని, ఎక్కువమంది వ్యతిరేకతను మూటగట్టుకున్నవారు గెలవకుండా అది ఆపగలదు. అయితే అందుకు ఆ వ్యతిరేకులు తమ పాత కక్షలను పక్కనబెట్టి వరుసలో వారిని చివర ఉంచాలి. బ్లెయిర్‌లో లేబర్ ఓటరు తన చిరకాల శత్రువైన లిబరల్‌కు హాన్సన్‌కంటె ముందు అంకె వేశాడు. 2025లో అనేక స్థానాలలో లిబరల్ కూటమి తన కార్డులలో వన్ నేషన్‌ను మళ్లీ పైకి తెచ్చింది. కూటమి మాత్రం చిత్తుగా ఓడింది.

ముస్లింల స్థితి చూద్దాం. 2021 జనగణన ప్రకారం అక్కడ ముస్లింలు 8 లక్షల 13 వేలు, జనాభాలో 3.2 శాతం. మన హైదరాబాదు నుండి వెళ్లి సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడ్డ కుటుంబాలూ వీరిలో ఉన్నాయి. 2010లో ఎడ్ హ్యూసిక్ ప్రతినిధుల సభకు ఎన్నికై ఖుర్ఆన్‌పై ప్రమాణం చేశాడు, 2016లో ఆన్ అలీ తొలి ముస్లిం మహిళా సభ్యురాలైంది. అఫ్గానిస్థాన్‌లో పుట్టి, హిజాబ్‌తో సెనేట్‌లో అడుగుపెట్టిన ఫాతిమా పేమాన్ 2024లో పాలస్తీనా గుర్తింపు ప్రశ్నపై సొంత పార్టీ లేబర్‌కు వ్యతిరేకంగా ఓటు వేసి, తర్వాత రాజీనామా ఇచ్చింది. గాజాపై లేబర్ వైఖరితో విసిగిన ముస్లింలు 2025 ఎన్నికలలో సిడ్నీలోని బ్లాక్స్‌లాండ్, వాట్సన్ స్థానాలలో ఇద్దరు మంత్రులపై స్వతంత్రులను బలపరిచారు. బ్లాక్స్‌లాండ్‌లో ముస్లింలు దాదాపు మూడో వంతు. అయినా మంత్రులే గెలిచారు. అయితే అక్కడ "మీవల్ల ఫలానావాడు గెలుస్తాడు" అని ఆ ఓటర్లను బెదిరించడం అంత సులభం కాలేదు. కోపాన్ని మొదటి అంకెలో చూపి, జాగ్రత్తను తర్వాతి అంకెలలో పాటించే వీలు ఆ పత్రంలో ఉంది.

ఈ పద్ధతిని ఆకాశానికి ఎత్తడం మా ఉద్దేశం కాదు. 2025లో లేబర్‌కు తొలి ప్రాధాన్య ఓట్లు 35 శాతం లోపే, స్థానాలు మాత్రం 150లో 94. అదే ఎన్నికలో గాజాపై గట్టిగా మాట్లాడిన గ్రీన్స్ నాయకుడు ఆడమ్ బాండ్ట్ మెల్‌బోర్న్‌లో తొలి లెక్కింపులో ముందుండి కూడా, లిబరల్ ఓటర్ల ప్రాధాన్యాలు లేబర్‌కు వెళ్లడంతో ఓడిపోయాడు. హాన్సన్‌ను దించిన మెట్లే ఆయననూ దించాయి. అల్పసంఖ్యాకులకు ఓట్ల నిష్పత్తిలో స్థానాలు కావాలంటే దిగువ సభ పద్ధతి చాలదు. సెనేట్‌లో ఉన్న దామాషా పద్ధతే కావాలి. పేమాన్ వచ్చింది ఆ ద్వారం గుండానే.

మన దేశంలో 2014లో 31 శాతం ఓట్లతో ఒక పార్టీ 282 లోక్‌సభ స్థానాలు గెలిచింది, వారిలో ఒక్క ముస్లిం సభ్యుడూ లేడు. ప్రాధాన్య ఓటు మనకు తెలియనిదా అంటే అదీ కాదు. రాష్ట్రపతిని మన ప్రతినిధులు ఎన్నుకునేది ఈ పద్ధతిలోనే. 1969లో నీలం సంజీవరెడ్డిపై వి.వి. గిరి గెలుపు రెండవ ప్రాధాన్యాలు లెక్కించాకే తేలింది. సామాన్య ఓటరుకు మాత్రం ఆ అవకాశం పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ స్థానాలకే పరిమితం. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది నిలబడగా రోజుల తరబడి లెక్కించి విజేతను తేల్చారు. అలాంటి చోట ఒక్క అంకె వేసి వచ్చినవారి పత్రాలు వారి అభ్యర్థి తొలగగానే పక్కకు పోయాయి. తర్వాతి పంపకాలలో వాటికి పాత్ర లేదు.

పట్టభద్రుల ఓటరు జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. గతంలో పేరు ఉన్నవారు కూడా ఫారం 18 మళ్లీ నింపాలి. నిర్ణీత నవంబరు 1వ తేదీ నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవారు అర్హులు. మన ఇళ్లలో డిగ్రీ చదివిన ఆడపిల్లల పేర్లు ఈ జాబితాలలో ఎన్ని ఉన్నాయో ఈ సభ ముగిశాక ఎవరి వీధిలో వారు లెక్క తీయవలసిందిగా కోరుతున్నాము.