నేతకు ముందు మగ్గము: పైతాన్ భాషారంభమును గూర్చి



మన పద్మశాలి మహాసభయందు కంప్యూటరు భాషను గూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు కోరినపుడు, వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన మాకిది తగునా యని సంకోచించితిమి. కాని విద్యార్థి వసతిగృహమున రెండు వేసవులు పిల్లలచెంత కూర్చుండి కన్నులార చూచినదానిని చెప్పకుండుట తప్పని తోచి యొప్పుకొంటిమి.

నేతగాని నేర్పు నాడె ఆడించుటలో కనబడును. కాని పడుగు వేసి, గంజి పెట్టి, పోగునకు పోగతికి మగ్గము సిద్ధపరచుట ఇంటిల్లిపాది పని. ఆ పని జరుగని మగ్గముమీద పిల్లవానిని కూర్చుండబెట్టి, నీకు నేత రాదనిన న్యాయమగునా? కంప్యూటరు విద్యలో మన పిల్లలకు జరుగుచున్నది సరిగా నిదియే.

పోయిన యేటి వేసవిలో ఇంటరు ముగించిన బాలుడొకడు పైతాన్ నేర్వగోరి వచ్చెను. ఆ భాషను తానే దించుకొని, నల్లని కిటికీలో దాని పేరు కొట్టగా, అట్టి ఆజ్ఞను తానెఱుగనని యంత్రము బదులు చెప్పెను. తీసివేసి మరల పెట్టెను. అదే మాట. మూడవ దినమున "మాస్టారూ, ఈ చదువు నాకబ్బదండి" అని లేచిపోయెను. మేమును నిజమే కాబోలు ననుకొంటిమి. పది దినముల పిమ్మట తెలిసినది, లోపము బాలుని బుద్ధిలో లేదు. ఒక చిన్నగడిలో గుర్తు పెట్టకపోవుటలో నున్నది.

పైతాన్ అనగా ఇచట కొండచిలువ కాదు. హాలెండు దేశీయుడగు గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున దీనిని కల్పింప నారంభించి, తాను మెచ్చిన యొక హాస్యనాటకమండలి పేరు పెట్టెను. 1991లో లోకమునకు విడుదల చేసెను. దీనికి వెల లేదు. ఒక శిక్షణాలయమువారు దీనిని పెట్టియిచ్చుటకే రుసుము పుచ్చుకొనిరని విని మిక్కిలి నొచ్చుకొంటిమి.

దించుకొనవలసిన చోటు పైతాన్ డాట్ ఆర్గ్. మరియొక చోట వలదు. విండోస్ యంత్రములకు ఇటీవల ఇన్‌స్టాల్ మేనేజరను క్రొత్త సాధనమును గూడ నిచ్చుచున్నారు గాని, మేము వాడినది పాత ఇన్‌స్టాలరు. అది తెరచిన తోడనే కనబడు మొదటి పుటలో అడుగున రెండు గడులుండును. పైతాన్‌ను 'పాత్'లో చేర్చుమను గడియే పిల్లలను ఏడ్పించినది. ఏదేని ఆజ్ఞ కొట్టినపుడు దానినెచ్చటెచ్చట వెదకవలయునో తెలుపు చిట్టాయే పాత్. సంస్కృతపు 'పథ' శబ్దమువలె వినబడుటచే మాకు సులువుగా జ్ఞప్తి నిలిచినది. ఆ చిట్టాలో చేరనిచో, పైతాన్ యంత్రములోనే యున్నను లేనట్లే. మఱచినవారు భయపడ నక్కఱలేదు. అదే ఇన్‌స్టాలరును మరల తెరచి, మాడిఫై అనుదానిని నొక్కి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో చేర్చు గడి వచ్చువరకు పోయి గుర్తు పెట్టవచ్చును. పిమ్మట పాత నల్లకిటికీని మూసి క్రొత్తది తెరవవలయును. మునుపే తెరచియున్న కిటికీకి క్రొత్త చిట్టా తెలియదు. ఈ యొక్కదానికే మాకు సగము దినము పట్టినది.

పాత పుస్తకములును మోసము చేయును. మూడవ తరము పైతాన్ 2008లో వచ్చినది; రెండవ తరమునకు 2020 జనవరి 1తో పోషణ నిలిచినది. రెండవ తరపు గ్రంథములలో ప్రింట్ అను ఆజ్ఞకు కుండలీకరణములుండవు. వానిని చూచి యథాతథముగా కొట్టిన పిల్లవానికి నేడు తప్పు తప్పక వచ్చును.

ఇన్‌స్టాలరుతోడనే ఐడిల్ అను పలక యొకటి వచ్చును. అందు మూడు బాణపు మొనల ప్రక్కన రెండును మూడును కూడుమనిన వెంటనే ఐదని చెప్పును. ఆజ్ఞలు ఇంగ్లీషు లిపిలోనివే కాని, మనము పెట్టుకొను పేర్లు తెలుగు లిపిలో నుండవచ్చును. తెలుగు అంకెలతో వ్రాసిన సంఖ్యను ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచి ఇంట్ అను ఆజ్ఞకిచ్చిన, దానిని గుర్తించి లెక్కకట్టును. 'శ్రీ' యను నక్షరము పొడవెంత యని లెన్ ఆజ్ఞతో నడిగితిమి. నాలుగనెను! శకారము, పొల్లు, రకారము, ఈత్వము. ఒత్తులు గుణింతములు జీవితమంతయు బోధించిన మాకు ఆనాడు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు.

ఇది మన కులమునకు పరాయి విద్య యని కొందఱనుచున్నారు. 1804లో ఫ్రాన్సుదేశపు జాకార్డు చిల్లుల అట్టలతో మగ్గమునకు పూలు నేర్పెను. అట్టి అట్టలనే ఇంగ్లాండులో బాబేజీ తన గణనయంత్రమునకు వాడదలచెను. ధర్మవరపు పట్టుమగ్గముల మీది జాకార్డు మనవారికి క్రొత్తది కాదు గదా.

పోషకులకొక విన్నపము. మీరు దయతో నిచ్చిన కంప్యూటర్లు వసతిగృహమున నున్నవి. వాని రహస్యపదము మాత్రము బీరువాలో నున్నది. అధికారపు గడిలోని గుర్తు తీసివేసినచో ఆ పదము లేకయే విద్యార్థి తన ఖాతాలో పైతాన్‌ను పెట్టుకొనగలడు. అందుకైన పిల్లలననుమతింపుడు. మొదటి దినమున తెలిసిన పెద్దపిల్లవాని నొకని ప్రక్కన కూర్చుండబెట్టుడు.

ఆ బాలుడు మేనమామవెంట భీవండి పవర్‌లూము పనికి పోయెనని విన్నాము. లోపము తనది కాదని జాబు వ్రాసితిమి. నేటికిని బదులు రాలేదు. భీవండినుండి యీ సభకు విచ్చేసినవారున్నచో, భోజనానంతరము దయచేసి మమ్ము కలిసికొనుడు. బాలుని పేరును, మేనమామ పేరును చెప్పెదము.